రాత్రి పిలిస్తే ఎవరు లేస్తారు? వృద్ధాశ్రమం ఎంచుకునేటప్పుడు సిక్కోలు, విజయనగరం పెద్దలు చూసుకోవాల్సినవి

డబ్బు కట్టి ఉండే వృద్ధాశ్రమాన్ని చూసి రావడానికి కుటుంబాలు ఎక్కువగా ఆదివారం పొద్దున పది, పదకొండు గంటల మధ్య వెళ్తుంటాయి. ఆ వేళకు గదులు తుడిచి ఉంటాయి. పెద్దలు స్నానాలు ముగించి వరండాలో పేపరు చదువుకుంటూ ఉంటారు. వంటింట్లోంచి పోపు వాసన వస్తుంటుంది. ఎంత అధ్వానంగా నడిచే ఆశ్రమమైనా ఆ రెండు గంటలు బాగానే కనిపిస్తుంది. ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలిసేది రాత్రి తొమ్మిది దాటాక, మేనేజరు ఇంటికెళ్లిపోయి, మేడమీద ఒక్క ఆయా మిగిలినప్పుడు.

ఈ రెండు జిల్లాల నుంచి చదువుకున్న పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, గల్ఫ్, అమెరికా దారి పట్టి చాలా కాలమైంది. ఆమదాలవలసలోనో, బొబ్బిలిలోనో, రాజాంలోనో కట్టుకున్న డాబా ఇంట్లో డెబ్భై దాటిన భార్యాభర్తలో, వారిలో మిగిలిన ఒక్కరో ఉంటున్నారు. ఇలాంటి ఇళ్లలో ఆశ్రమం గురించిన ఆలోచన రెండు దారుల్లో నడుస్తుంది. పిల్లలు ఫోన్లో అడిగేవి: ఆస్పత్రి ఎంత దూరం, సీసీ కెమెరాలు ఉన్నాయా, నెలకెంత. పెద్దలు అడిగేవి వేరు: ఎవరైనా చూడ్డానికొస్తే కాసేపు కూర్చోబెట్టుకోవచ్చా, గదికి లోపల గడియ ఉందా, రాత్రి అన్నం పెడతారా లేక చపాతీలేనా. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. కాకపోతే అన్నీ నడవగలిగే మనిషి కోసం అడిగేవి. ఆ గదిలో ఆఖరి రెండు మూడేళ్లు ఉండే మనిషి మంచం మీదే ఉండొచ్చు. చోటు ఎంచుకోవాల్సింది ఆ మనిషి కోసం.

ఊరికి దగ్గరగా ఉండటం

సీనియర్ లివింగ్ అపార్ట్‌మెంట్లకు కోయంబత్తూరు పేరుపడింది. హైదరాబాద్, విశాఖ వైపు కూడా అలాంటివి వస్తున్నాయి. వసతుల్లో మన జిల్లా కేంద్రాల్లోని ఆశ్రమాలు వాటికి సాటి రావు. అయినా నరసన్నపేటలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన మాస్టారు అంత దూరం వెళ్లనంటే దాన్ని మొండితనం అనుకోకూడదు. పెళ్లికి పిలిచేవాళ్లు, పెద్దకర్మకు రమ్మనేవాళ్లు, రథసప్తమికి అరసవల్లి వచ్చి పనిలో పనిగా పలకరించిపోయే చుట్టాలు, అందరూ ఉన్నది ఇక్కడే. పైగా చూడ్డానికి మనుషులు వస్తూ పోతూ ఉండటం మనసుకు ఊరట మాత్రమే కాదు, ఒక కాపలా కూడా. వారానికోసారి ఎవరో ఒకరు వచ్చి దుప్పటి ఎత్తి చూసే మనిషిని సిబ్బంది అంత తేలిగ్గా వదిలేయరు.

అందుకని సొంత ఊరి నుంచి ఒకే బస్సులో చేరగలిగే చోటు మేలు. ఆర్టీసీలో అరవై దాటినవారికి ఛార్జీలో 25 శాతం రాయితీ ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టే లేదు. కాబట్టి చెల్లెలో, వదినో వచ్చి చూడ్డానికి ఛార్జీ అడ్డు కాదు. రెండు బస్సులు మారి, దిగాక ఎండలో కిలోమీటరు నడవాల్సి రావడమే అడ్డు. రైల్లో వచ్చే పిల్లలైతే ఇంకోటి గమనించాలి: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, అక్కడి నుంచి మళ్లీ బస్సో ఆటోనో పట్టాలి. విజయనగరం జంక్షన్ ఊళ్లోనే ఉంది.

గది గురించి రెండే మాటలు. లోపల గడియ ఉండాలి, అత్యవసరమైతే బయటి నుంచి తీయడానికి ఆఫీసులో రెండో తాళంచెవి ఉండాలి. భార్యాభర్తలకు ఒకే గది ఇస్తారా అన్నది అడిగి ఊరుకోకుండా, ఒకరు మంచాన పడితే రెండోవారిని వేరే గదికి మారుస్తారా అన్నది కూడా తేల్చుకోవాలి. మగవాళ్లకూ ఆడవాళ్లకూ వేర్వేరు వరసలు పెట్టిన చోట్ల ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది.

ఆరున్నరకే రాత్రి భోజనం

తిండి దగ్గర గొడవంతా రుచి గురించే అనుకుంటారు. నీసు వండని ఆశ్రమాలు చాలా ఉన్నాయి. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి వారానికోసారైనా చేపల పులుసు లేకపోతే నెల తిరక్కుండానే విసుగు పుడుతుంది. పొద్దున్నే చోడంబలి తాగే అలవాటున్నవారికి రోజూ ఉప్మా పడదు. ఇవి ముందే అడిగి తెలుసుకోవచ్చు. ఎవరూ అడగనిది భోజనాల వేళ.

వంటమనిషి ఏడింటికల్లా ఇంటికెళ్లాలి కాబట్టి రాత్రి భోజనం ఆరున్నరకే పెట్టేస్తారు. మర్నాడు టిఫిన్ ఎనిమిదిన్నరకు. మధ్యలో పద్నాలుగు గంటలు ఖాళీ కడుపు. ఇన్సులిన్ తీసుకునేవారికీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవారికీ తెల్లవారుజామున షుగర్ పడిపోయేది ఇలాగే. చెమటలు పడతాయి, మనిషి తికమకపడి లేస్తాడు, నాలుగడుగులు వేసి పడిపోతాడు. రిజిస్టరులో మాత్రం 'బాత్రూమ్‌లో జారిపడ్డారు' అని రాస్తారు. దీనికి విరుగుడు చిన్నదే: తొమ్మిదింటికి గ్లాసు పాలు, దాంతో రెండు బిస్కెట్లో ఒక ఇడ్లీనో. రాత్రి డ్యూటీ గదిలో గ్లూకోమీటరు, స్ట్రిప్పులు ఉండాలి. రీడింగ్ 70 కంటే తగ్గితే, తెలివిలో ఉన్న మనిషికి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలన్న సంగతి ఆయాకు తెలిసుండాలి. తెలివి తప్పిన మనిషి నోట్లో ఏదీ పోయకూడదన్నదీ తెలిసుండాలి. చూడ్డానికి వెళ్లినప్పుడు మేనేజరును కాదు, ఆయానే అడగాలి.

ఒక్క ఆయా, ఆరుగురు మనుషులు

'ఇరవై నాలుగు గంటల సంరక్షణ' అని బోర్డు మీద ఉంటుంది. రాత్రిపూట ఒక్కో అంతస్తులో మేలుకొని ఉండేవారు ఎంతమంది అన్నదే అసలు లెక్క. మంచంలో కదల్లేని మనిషిని పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. డైపరు తడిసిందేమో చూసి, మార్చి, ఒళ్లు తుడిచి, తిప్పి పడుకోబెట్టడానికి పది నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. అలాంటివారు ఆరుగురుంటే ప్రతి రెండు గంటల్లోనూ గంట నుంచి గంటన్నర దానికే సరిపోతుంది. బరువైన మనిషైతే ఒక్కరివల్ల కాదు, ఇద్దరు పట్టాలి. ఒకే ఆయా ఉన్న అంతస్తులో ఈ పని జరుగుతోందని ఎవరైనా చెబితే ఆ లెక్క కుదరదు. తిప్పడం మానేస్తారు, లేదా గంట కొట్టినవాళ్లకు పలకడం మానేస్తారు. ఎవరి తప్పూ కాకపోయినా జరిగేది అదే.

పిలిచే గంట మంచం దగ్గరా ఉండాలి, బాత్రూమ్‌లోనూ ఉండాలి. బాత్రూమ్‌లో గంట తాడు నేల దాకా వేలాడాలి, ఎందుకంటే పడిపోయిన మనిషికి గోడ మీది స్విచ్ అందదు. చూడ్డానికి వెళ్లినప్పుడు చెప్పకుండా ఒకసారి నొక్కి, ఎంతసేపటికి మనిషి వచ్చిందో గడియారం చూసుకోవాలి. కొన్నిచోట్ల గంట మోగదు, బ్యాటరీ అయిపోయి నెలలై ఉంటుంది.

సంక్రాంతి మూడు రోజులూ డ్యూటీలో ఎవరుంటారన్నది ఇంకో మంచి ప్రశ్న. ఆయాలు చుట్టుపక్కల పల్లెలవాళ్లే, పండక్కి ఇళ్లకు వెళ్తారు, వెళ్లాలి కూడా. బదులు మనుషుల్ని ముందే మాట్లాడుకునే ఆశ్రమం, ఉన్న ఒకరిద్దరితో నెట్టుకొచ్చే ఆశ్రమం, రెండూ ఉంటాయి. విజయనగరంలోనైతే దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమానోత్సవం నాడు కోట చుట్టుపక్కల వీధులన్నీ జనంతో నిండిపోతాయి. ఆ రోజు అంబులెన్సు ఏ దారిన వస్తుందో పట్టణం మధ్యలో ఉన్న ఆశ్రమం వారిని అడగడంలో తప్పులేదు.

బాత్రూమ్ తలుపు ఎటు తెరుచుకుంటుంది

గది చూడ్డానికి ఐదు నిమిషాలు చాలు, బాత్రూమ్‌కు పావుగంట కేటాయించాలి. తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పడిపోయిన మనిషి ఒళ్లే దానికి అడ్డం పడుతుంది, బయటివాళ్లు తోయలేరు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. వెడల్పు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు మూడడుగులు ఉండాలి. మామూలు ఇళ్లకు పెట్టే రెండున్నర అడుగుల తలుపులోంచి చక్రాల కుర్చీ దూరుతుందిగానీ చక్రం తిప్పే చేతివేళ్లు చౌకట్టుకు గీసుకుంటాయి. కమోడ్ ఎత్తు 45 నుంచి 48 సెంటీమీటర్లు ఉంటే మోకాళ్ల నొప్పులున్నవారు లేవగలుగుతారు. పట్టుకునే కడ్డీ గోడలోకి గట్టిగా బిగించినదై ఉండాలి. టవల్ వేసుకునే కడ్డీని చూపించి ఇదే అంటే ఒప్పుకోకూడదు. బరువంతా వేసి లాగి చూడాలి. నేల మీద చెంబుడు నీళ్లు పోసి ఉత్త కాళ్లతో నడిచి చూడాలి. గడప అర అంగుళం ఎత్తున్నా చాలు, కాళ్లీడ్చి నడిచేవారికి తగులుతుంది. చక్రాల కుర్చీకి వేసిన వాలు మెట్టెక్కినట్టు నిటారుగా ఉండకూడదు: ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు లెక్క.

మేడమీద గది ఇస్తామంటే లిఫ్టు లోతు చూడాలి. పడుకోబెట్టి దించే స్ట్రెచర్ రెండు మీటర్ల దాకా ఉంటుంది, ఆరుగురు నిలబడే మామూలు లిఫ్టులో అది పట్టదు. కింది అంతస్తే సుఖమనిపిస్తుందిగానీ, నాగావళి, వంశధార ఒడ్డు పల్లపు ప్రాంతాల్లో వరద నీరు ఎంతవరకు వచ్చిందో పక్కింటివారిని అడిగి మరీ నిర్ణయించుకోవాలి.

ఆస్పత్రి దూరాన్ని కిలోమీటర్లలో కొలవొద్దు

పక్షవాతం వస్తే గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అంతకుముందు తలకు సీటీ స్కాన్ తీయాలి. కాబట్టి దగ్గర్లో ఏ నర్సింగ్‌హోమ్ ఉందన్నది కాదు, రాత్రిపూట సీటీ స్కాన్, డాక్టరు రెండూ ఉన్న ఆస్పత్రికి ఎంతసేపు పడుతుందన్నది చూడాలి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా సర్వజన ఆస్పత్రి ఉంది. విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది, పక్కనే నెల్లిమర్లలో మిమ్స్ వైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఉండేవారికి శ్రీకాకుళం కంటే ఒడిశాలోని బరంపురమే దగ్గర.

ఈ నాలుగున్నర గంటల లెక్కలో ఒక మెలిక ఉంది. నిద్రలో పక్షవాతం వస్తే, మొదలైన సమయం ఎవరికీ తెలియదు. అప్పుడు డాక్టర్లు ఆ మనిషి బాగున్నట్టు చివరిసారి చూసిన వేళ నుంచి లెక్కిస్తారు. రాత్రి తొమ్మిదింటికి పాలిచ్చి, పొద్దున ఐదింటికి టీ తెచ్చినప్పుడు మూతి వంకర చూస్తే, ఆస్పత్రి ఎదురుగానే ఉన్నా ఎనిమిది గంటలు గడిచిపోయినట్టే. రెండు గంటలకోసారి గది గదికీ టార్చి వేసి చూసి, టైము రాసిపెట్టే పద్ధతి ఉన్న ఆశ్రమం, ఆస్పత్రికి ఐదు కిలోమీటర్లు దూరమైనా మేలు. ఆ రిజిస్టరు చూపించమనాలి. రాత్రంతా ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినట్టు ఉంటే పొద్దున్నే కూర్చుని నింపిందని తెలిసిపోతుంది.

ఉద్దానం పెద్దల సంగతి వేరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టిందో అందరికీ తెలిసిందే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. డయాలిసిస్ మీద ఉన్నవారికి సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు పడుతుంది. ఆశ్రమం వాహనం ఉంటుందా, తోడు ఎవరు వస్తారు, ఆ తోడుకు రోజుకెంత వేస్తారు అన్నవి రాయించుకోవాలి. వంటింటిని కూడా చూడాలి. కొబ్బరితోటల మధ్య ఉండే ఆశ్రమంలో ప్రేమతో ఇచ్చే కొబ్బరిబోండాం, కిడ్నీ పాడైన మనిషికి పొటాషియం పెంచి గుండె మీదికి తెస్తుంది. ఎవరెవరికి ఏది పెట్టకూడదో వంటింటి గోడకు రాసి అంటించారంటే అక్కడ తెలిసినవారెవరో ఉన్నారని అర్థం.

ఇక అక్టోబరు తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఐదు లీటర్ల ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. ఇంట్లో వాడే ఇన్వర్టరు, ఒక 150 ఏహెచ్ బ్యాటరీ మీద అది నాలుగు గంటలు నడిస్తే గొప్ప. గాలిపరుపు దిగిపోతుంది, బోరు మోటారు తిరగదు, డైపర్లు మార్చేచోట నీళ్లుండవు. 15 కేవీఏ జనరేటరు గంటకు మూడు నాలుగు లీటర్ల డీజిల్ తాగుతుంది, బంకులు కూడా కరెంటు మీదే నడుస్తాయి. రెండు రోజులకు సరిపడా డీజిల్, సిద్ధంగా ఒక ఆక్సిజన్ సిలిండరు, నిండిన నీళ్ల ట్యాంకు ఉంచే ఆశ్రమం ఏదో వర్షాకాలం చివర్లో వెళ్లి చూస్తే తెలుస్తుంది.

నెల ఛార్జీ ఒక్కటే ఖర్చు కాదు

ఇద్దరికీ కలిపి కాదు, ఒకరికి నెలకు 18,000 రూపాయలు అనుకుందాం. ఏటా 8 శాతం పెంచుతారనుకుంటే రెండో ఏడు 19,440, మూడో ఏడు 20,995, పదేళ్లు గడిచాక 38,860 అవుతుంది. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో గరిష్ఠంగా వేయగలిగిన 30 లక్షలూ వేస్తే, 8.2 శాతం వడ్డీ మీద నెలకు సగటున 20,500 వస్తుంది. అది ఐదేళ్ల పాటు పెరగదు. అంటే మూడో ఏడాదికే వడ్డీని ఛార్జీ దాటేస్తుంది. ఏటా పెంపు ఎంత శాతానికి మించదన్నది ఒప్పందంలో అంకెతో ఉండాలి. 'అప్పటి పరిస్థితులను బట్టి' అన్న మాట ఉంటే దానికి హద్దు లేదన్నమాట.

పైఖర్చులు వేరు. ప్రత్యేకంగా ఆయా కావాలంటే, ముఖ్యంగా మంచాన పడ్డాక, ఆ జీతం ఒక్కోసారి నెల ఛార్జీతో సమానమవుతుంది. డైపర్లు, మందులు, ఏసీ కరెంటు, ఆస్పత్రికి తోడు, అన్నీ విడివిడిగా అడగాలి. ఆస్పత్రిలో పదిహేను రోజులున్నా గది ఛార్జీ కట్టాలా అన్నదీ అడగాలి. 70 దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల దాకా వైద్యం ఉంది. అది ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చుకే పనికొస్తుంది, ఆశ్రమంలో ఆయా జీతానికి కాదు.

పింఛను మీద ఆధారపడే దంపతులు తరచుగా మరిచిపోయే లెక్క ఒకటుంది. ప్రభుత్వోద్యోగి పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ సాధారణంగా ఆఖరి మూలవేతనంలో 30 శాతం లెక్కన ఉంటుంది, అంతకుముందు వచ్చిన పింఛను కంటే బాగా తక్కువ. ఇద్దరుండే గది ఛార్జీ మాత్రం ఒకరు పోతే సగానికి తగ్గదు. ఇద్దరికీ సరిపోతోంది కదా అని చేరితే, మిగిలిన ఒక్కరికి చాలకుండా పోతుంది.

కాగితాల్లో

అన్నిటికంటే ముందు చదవాల్సిన వాక్యం ఒకటుంటుంది: 'తన పనులు తాను చేసుకోగలిగినంత వరకు' అని. ఆ వాక్యం ఉందంటే, మంచాన పడ్డ రోజున లేదా మతిమరుపు ముదిరిన రోజున పిల్లలకు ఫోను చేసి తీసుకుపొమ్మంటారు. అలాంటి ఆశ్రమం చెడ్డదని కాదు, అది చేయగలిగింది అంతే. అయితే ఆ సంగతి చేరకముందు తెలియాలి. మతిమరుపు ఉన్నవారిని ఉంచుకుంటామనేచోట గేటుకు కాపలా, ఆవరణలో బావి ఉంటే దానికి మూత, మనిషి చేతికి ఫోన్ నంబరున్న పట్టీ, ఈ మూడూ చూడాలి.

డిపాజిట్ ఎన్ని రోజుల్లో, ఎంత కోసుకొని, ఎవరి పేరున తిరిగిస్తారో రాయించాలి. ఫ్లాటు రూపంలో అమ్మే సీనియర్ లివింగ్ అయితే, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో నమోదు తప్పనిసరి. ఒప్పందం రిజిస్టరు కాకముందు ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు.

ఆస్తి రాసిస్తే జీవితాంతం చూసుకుంటామనే మాట, ఆశ్రమం అన్నా సరే, అన్న కొడుకు అన్నా సరే, నోటిమాటగా ఉండనివ్వకూడదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకోవాలన్న షరతు మీద రాసిన దానపత్రాన్ని ఆ షరతు తప్పితే రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించుకుంటే తర్వాత వాదన తేలిక. ఇదే చట్టం కింద పోషణ కోసం ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, నెలకు గరిష్ఠంగా 10,000 దాకా ఇప్పిస్తారు. డబ్బు కట్టలేనివారికి కేంద్ర గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే ఉచిత ఆశ్రమాలు ఉంటాయి. 14567 హెల్ప్‌లైన్‌కు ఫోను చేస్తే దగ్గర్లో ఏమున్నాయో చెబుతారు. ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 తీసుకునేవారు చోటు మారితే దాన్ని అక్కడి సచివాలయానికి బదిలీ చేయించుకోవాలి, లేకపోతే ఒకటో తారీఖున పాత ఇంటి తలుపు తట్టి వెళ్లిపోతారు.

మరణం గురించి అడగడానికి అందరూ మొహమాటపడతారు. మొదట ఎవరికి ఫోను చేస్తారు, పిల్లలు విమానం దిగేదాకా ఫ్రీజర్ బాక్సు తెప్పిస్తారా, మరణాన్ని ధ్రువీకరించే డాక్టరు రాత్రిపూట వస్తారా అన్నవి పెద్దలే అడిగితే మేనేజర్లు చక్కగా చెబుతారు. మరణం నమోదయ్యేది సొంత ఊరి పంచాయతీలో కాదు, మరణించిన చోట, 21 రోజుల్లోపు. ఆ సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత ఆశ్రమం నడిపేవారిది. బ్యాంకు, పింఛను, పొలం పనులన్నీ ఆ సర్టిఫికెట్ మీదే ఆగుతాయి.

చేరే ముందు ఒక నెల ఉండి చూడ్డానికి ఒప్పుకోని చోటు వదిలేయడం మంచిది. ఆ నెల శ్రావణ భాద్రపదాల వర్షాల్లో పడితే కారే గోడలు, పోయే కరెంటు, రాని పనిమనుషులు అన్నీ బయటపడతాయి. ఇంటిని మాత్రం వెంటనే అద్దెకివ్వకూడదు. గ్యాసు కనెక్షన్, మీటరు, రేషన్ కార్డు మూడు నెలలు అలాగే ఉంచి, తాళంచెవి పిల్లల దగ్గర కాక పెద్దల దగ్గరే ఉండాలి.